కరపత్రం కింద నా పేరుంది, పైన మాటకు పూచీ ఎవరిది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని అన్ని రాజకీయ పార్టీల అధ్యక్షులకు, అభ్యర్థుల్ని ఎంపిక చేసే కమిటీల సభ్యులకు
ప్రతి: రెండు రాష్ట్రాల ప్రధాన ఎన్నికల అధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఒక చిన్న పట్టణంలో ఆఫ్‌సెట్ ప్రెస్ నడుపుకునేవాణ్ని. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, బడి ప్రోగ్రెస్ కార్డులు మా రోజువారీ పని. అయిదేళ్లకోసారి మీ పని వస్తుంది. 2004 నుంచి 2024 దాకా అయిదు అసెంబ్లీ ఎన్నికలకు, మధ్యలో వచ్చిన పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకు కరపత్రాలు వేశాను. పార్టీ తేడా పెట్టుకోలేదు. పొద్దున ఒకరిది, సాయంత్రం వాళ్ల ప్రత్యర్థిది అదే మిషన్ మీద వేసిన రోజులున్నాయి. మధ్యలో ఇంకు కడుక్కునే టైమే విరామం.

ఈ లేఖలోని సంగతుల్నే 2024 ఎన్నికలు ముగిసిన రెండు నెలలకు మా జిల్లాలోని మూడు పార్టీల ఆఫీసులకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మూడు ఎకనాలెడ్జ్‌మెంట్ కార్డులూ సంతకాలతో తిరిగొచ్చాయి. జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు. ఆర్నెల్లు ఆగి మళ్లీ రాశాను. ఈసారి ఒక నాయకుడు ఫోన్ చేసి, "నీకెందుకన్నా ఇవన్నీ? మనవాళ్లు బిల్లేమైనా బాకీ ఉన్నారా?" అని అడిగాడు. బాకీ ఉన్న మాట నిజమే. కానీ ఆ ఉత్తరం రాసింది దానికోసం కాదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

1. ముందు, అభ్యర్థి "జీవిత విశేషాలు" ఎలా తయారవుతాయో చెప్పాలి.

నామినేషన్ వేసిన రోజు రాత్రి ఎనిమిదింటికి అభ్యర్థి తాలూకు కుర్రాడు సెల్‌ఫోన్లో ఫొటోతో వస్తాడు. మ్యాటరేదీ అంటే, "పోయినసారి వేసినట్టే నువ్వే ఏదో ఒకటి కొట్టెయ్ అన్నా, తెల్లారేసరికి కావాలి" అంటాడు. మా కంప్యూటర్లో పాత ఫైలుంటుంది. సామాన్య రైతు కుటుంబంలో జన్మించి, కష్టాలకు ఎదురీది, ప్రజాసేవే పరమావధిగా అంటూ మొదలవుతుంది. అందులో పేరు, ఊరు, తండ్రి పేరు మారుస్తాం. గుర్తు మారుస్తాం, రంగు మారుస్తాం. మిగతాది అలాగే ఉంటుంది.

2014లో ఒకసారి హడావుడిలో పాత అభ్యర్థి తండ్రి పేరు మార్చడం మరిచిపోయాం. నాలుగు వేల కాపీలు దిగాక నేనే చూసుకుని మిషన్ ఆపాను. పార్టీ వాళ్లెవరూ పట్టుకోలేదు. ప్రూఫ్ మీద ఓకే అని సంతకం పెట్టింది కూడా వాళ్లే. తండ్రి పేరు తప్పు పడితేనే కనపడని చోట, చేయని సేవ పడితే ఎవరికి కనపడుతుంది?

ఇరవై ఏళ్లలో మా ప్రెస్సుకు రైతు కుటుంబంలో పుట్టని అభ్యర్థి ఒక్కరూ రాలేదు. మూడు తరాలుగా కాంట్రాక్టులు చేసుకునే ఇంటివాళ్లు కూడా మా కంప్యూటర్లోకి ఎక్కేసరికి రైతు బిడ్డలైపోతారు. ఇందులో నా పాపం కూడా ఉంది, కాదనను. కీబోర్డు నాదే.

పుట్టుక గురించి చెప్పుకోవడం తప్పని నేననడం లేదు. టంగుటూరి ప్రకాశం గారి తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డను పెంచింది. ఆ సంగతి ఇవాళ్టికీ చెప్పుకుంటున్నామంటే, దాని వెనక 1928లో మద్రాసు వీధిలో తుపాకీకి రొమ్ము చూపించిన రోజు ఉంది. దామోదరం సంజీవయ్య గారు కర్నూలు దగ్గర పెదపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టి 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. ముసలివాళ్లకు పింఛను ఆయన హయాంలో మొదలైందని మా నాయనమ్మ తరం వాళ్లు చెప్పేవాళ్లు. పుచ్చలపల్లి సుందరయ్య గారు సైకిల్ మీద తిరిగారని జనానికి ఏ కరపత్రమూ చెప్పక్కర్లేకపోయింది. కళ్లతో చూశారు కాబట్టి చెప్పుకున్నారు. వాళ్ల కథల్లో పుట్టుక మొదటి వాక్యం మాత్రమే. మీరు నాకు పంపే మ్యాటర్‌లో ఆ మొదటి వాక్యం తర్వాత ఇంకేమీ ఉండటం లేదు.

2. ఇక చట్టం సంగతి.

ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ప్రింటరు పేరు, అడ్రసు, ప్రచురించిన వాళ్ల పేరు, అడ్రసు ఉండి తీరాలి. వేయించేవాళ్లు ఇద్దరు సాక్షుల సంతకాలతో డిక్లరేషన్ ఇవ్వాలి. నేను దాని కాపీ ఒకటి, కరపత్రం ఒకటి కలెక్టరుకు పంపాలి. ఎన్ని కాపీలు వేశామో కూడా చెప్పాలని ఎన్నికల సంఘం నియమం. తప్పితే ఆర్నెల్ల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఖర్చు లెక్కలో తక్కువ చూపించడానికి పది వేలు వేసి వెయ్యి అని వేయమన్నవాళ్లూ ఉన్నారు. కుదరదంటే పక్క ఊరి ప్రెస్సుకు వెళ్లిపోయారు. అది వేరే గోల.

నేను చెప్పదలచింది ఇది. కాగితం ఎవరు వేశారన్నదానికి చట్టంలో పూచీ ఉంది. ఆ కాగితంలో ఉన్న మనిషి నిజంగా అలాంటివాడేనా అన్నదానికి ఎవరి పూచీ లేదు. అదే చట్టంలోని 123(4) ప్రకారం ప్రత్యర్థి వ్యక్తిగత నడవడి గురించి తెలిసి అబద్ధం ప్రచురిస్తే అది అవినీతి చర్య, ఎన్నిక రద్దయ్యేంత పెద్ద విషయం. మరి తన గురించి తాను లేని గొప్పలు అచ్చు వేయించుకుంటే? దానికి ఏ సెక్షనూ అడ్డం రాదు. ఎదుటివాణ్ని దొంగ అనకూడదు గానీ, నన్ను నేను దేవుణ్ని అనుకోవచ్చు.

3. అఫిడవిట్ ఉంది కదా అంటారు. ఉంది, దాన్ని తక్కువ చేయను. 2002 మే 2న సుప్రీంకోర్టు చెబితే గానీ అభ్యర్థి కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు మనకు తెలిసే దారి ఏర్పడలేదు. ఆ తీర్పును పలచన చేయడానికి ఆ ఏడాదే చట్టంలో 33బి అనే సెక్షన్ తెచ్చారు. 2003 మార్చి 13న కోర్టు దాన్ని కొట్టేసింది. గళ్లు ఖాళీగా వదిలేస్తే ఒప్పుకోకూడదని 2013లో, ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలని 2018లో తీర్పులొచ్చాయి. ఇందులో ఏ ఒక్కటీ పార్టీలు తమంతట తాము ఇచ్చింది కాదని గుర్తు చేస్తున్నాను.

కానీ ఆ అఫిడవిట్ రాసిచ్చే ఫారం 26 అడిగేది ఏమిటి? ఎన్ని కేసులు, ఎంత బంగారం, ఎన్ని ఎకరాలు, ఏ బ్యాంకులో ఎంత అప్పు, అయిదేళ్ల రిటర్నుల్లో ఎంత ఆదాయం, చదువు ఎక్కడి దాకా. ఈ పదేళ్లు ఎక్కడ బతికాడు, ఎవరి మధ్య తిరిగాడు, ఎవరి పని చేసిపెట్టాడు అని అడగదు. అసెంబ్లీకి పోటీ చేయడానికి ఆ రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా చాలు. మా నియోజకవర్గానికి నామినేషన్ రోజే మొదటిసారి వచ్చినవాళ్లను నేను చూశాను. మా ఊరి పేరు మైకులో తప్పు పలికాడొకాయన.

ఆ అఫిడవిట్ అయినా జనం చదివేలా ఉంటుందా? రిటర్నింగ్ అధికారి ఆఫీసు నోటీసు బోర్డు మీద నేను చూసినవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, పైగా నోటరీ ముద్రల మధ్య సగం కనపడనివి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో, యాప్‌లో ఉంటాయి, మంచిదే. మా వీధిలో ఆ యాప్ ఉన్నవాళ్లు నాకు తెలిసి ఇద్దరు. అందులో ఒకణ్ని నేను. ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగుకు చట్టం ఇచ్చే కనీస వ్యవధి 14 రోజులు. అయిదేళ్లు మన తరఫున మాట్లాడే మనిషిని తెలుసుకోవడానికి సామాన్యుడికి ఖాయంగా దొరికేది ఆ రెండు వారాలే. అఫిడవిట్‌లో అబద్ధం ఉంటే 125ఎ కింద ఆర్నెల్ల దాకా శిక్ష ఉంది. ఎన్నికను సవాలు చేయాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి. కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగే మనిషికి అది అయ్యే పనేనా?

4. ఒక విచిత్రం చూడండి. 2020 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. క్రిమినల్ కేసులున్న వ్యక్తికి టికెట్ ఇస్తే, ఎందుకు ఇచ్చారో, కేసుల్లేని వేరే మనిషి ఎందుకు దొరకలేదో పార్టీ ప్రచురించాలి. ఆ కారణం అభ్యర్థి అర్హతలు, సాధించిన పనుల గురించి ఉండాలి గానీ గెలుస్తాడని చెబితే చాలదు. ఎంపిక చేసిన 48 గంటల్లో ఇది జరగాలని 2021 ఆగస్టులో మళ్లీ చెప్పింది. బీహార్ ఎన్నికల్లో పాటించనందుకు కొన్ని పార్టీలకు లక్ష, రెండు పార్టీలకు అయిదేసి లక్షల జరిమానా కూడా వేసింది.

అంటే కేసు ఉన్నవాడి గొప్పతనం ఏమిటో జనానికి చెప్పాల్సిన బాధ్యత మీకుంది. కేసులు లేనివాడి గురించి ఒక్క ముక్క చెప్పక్కర్లేదు! ఆ కారణాల ప్రకటనలు కూడా నేను చదివాను. ప్రజల్లో మంచి పేరుంది, సామాజిక సేవ చేస్తున్నారు, కేసులు రాజకీయ కక్షతో పెట్టినవి. ఇది కూడా ఎక్కడో ఒక కంప్యూటర్లో పేరు మార్చి కొట్టిన మ్యాటరేనని మా వృత్తివాళ్లకు చూడగానే తెలిసిపోతుంది.

5. ఇప్పుడు అసలు సంగతి. నేను ఈ లేఖ రాయడానికి కారణం కోర్టు తీర్పులు కాదు, మా ప్రెస్సులో బైండింగ్ చేసే అక్క.

ఒక ఎన్నికల్లో మేము వేసిన కరపత్రం మీద పెద్దక్షరాల్లో, అర్ధరాత్రి తలుపు తట్టినా పలికే నాయకుడు అని ఉంది. మూడు మడతల కరపత్రం. ఆ మడతలు పెట్టింది ఆమే. రెండు రాత్రులు కూర్చుని వేలకు వేలు మడత పెట్టింది. చదువు తక్కువే అయినా అన్నిసార్లు చూసేసరికి ఆ వాక్యం ఆమెకు నోటికొచ్చేసింది. ఓటు కూడా ఆయనకే వేశానని చెప్పింది. ఆయన గెలిచారు.

ఏడాది తిరక్కముందే ఆమె భర్తకు గుండె ఆపరేషన్ అవసరమైంది. ఆరోగ్య పథకం కింద రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ, అంటే ఖర్చు భరిస్తామని ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రం, తెచ్చుకోమన్నారు ఆస్పత్రిలో. దానికి ఎమ్మెల్యే సిఫారసు లేఖ కావాలి. నియోజకవర్గంలో ఆయన ఆఫీసు అంటే ఎన్నికలప్పుడు అద్దెకు తీసుకున్న ఇల్లు. అక్క వెళ్లేసరికి తాళం ఉంది. రెండోసారి వెళ్తే ఒక కుర్రాడు కాగితాలు తీసుకుని, సార్ హైదరాబాదులో ఉన్నారు, పంపిస్తాం అన్నాడు. మూడోసారి వెళ్తే ఆ కాగితాలు దొరకలేదన్నారు, మళ్లీ జిరాక్సులు తెమ్మన్నారు. ఒక్కోసారికి ఒక రోజు కూలి, బస్సు చార్జీలు. చివరికి ఆమె నాలుగు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించింది. మనిషి బతికాడు. అప్పు ఇంకా తీరలేదు.

ఒకరోజు కటింగ్ మిషన్ దగ్గర కూర్చుని, "అన్నా, తలుపు తట్టమని మనమే కదా వేశాం, ఏ ఊళ్లో తలుపో వేయడం మర్చిపోయామా?" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఆయన చెడ్డవాడని నేననను. ఆయన వ్యాపారాలు, కుటుంబం, పిల్లల చదువు అంతా ఎప్పటి నుంచో నగరంలోనే. ఆ విషయం దాచింది ఆయన కాదు, మేమూ మీరూ కలిసి తయారు చేసిన కాగితం. గత పదేళ్లుగా హైదరాబాదులో నివాసం అన్న ఒక్క లైను అందులో ఉండి ఉంటే, అక్కకు కనీసం ఏ ఊరి బస్సెక్కాలో తెలిసేది.

6. పంచాయతీ ఎన్నికల కరపత్రాలు ఇంకో తీరు. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు, అయినా వేయించేది మీవాళ్లేనని అందరికీ తెలుసు. మహిళకు రిజర్వైన ఊరి నుంచి వచ్చే మ్యాటర్‌లో భర్త ఫొటో పెద్దది, భర్త చేసిన సేవలు పది లైన్లు. పోటీ చేసే మనిషి గురించి, ఫలానా వారి సతీమణి, అంతే. ఒకసారి అభ్యర్థి స్వయంగా వచ్చింది. పొదుపు సంఘం లీడరుగా ఎనిమిదేళ్లు చేసిందట, సంఘాల బ్యాంకు లింకేజీ లెక్కలన్నీ గడగడా చెప్పింది. "అది కూడా వేద్దామా అమ్మా?" అన్నాను. పక్కనున్న మరిది, "ఇప్పుడవన్నీ ఎందుకన్నా, జాగా చాలదు" అన్నాడు. భర్త ఫొటో కొంచెం తగ్గిస్తే చాలేది. తగ్గించనివ్వలేదు.

7. ఇరవై ఏళ్లలో నేను దాచుకున్న మ్యాటర్ ఒకటే ఒకటి. ఒక ఇండిపెండెంట్ అభ్యర్థి చేత్తో రాసి తెచ్చిన అరఠావు. ఏ ఏడాది ఏ ఊరి ఉపాధి హామీ కూలీ బకాయిల కోసం తిరిగారు, ఎంతమందికి వచ్చాయి, ఎంతమందికి రాలేదు. ఏ చెరువు తూముకి అర్జీ పెట్టారు, ఏమైంది. చివరి లైనులో, ఫలానా ఊరి రోడ్డు నావల్ల కాలేదు అని ఉంది. అలాంటి వాక్యం కంపోజ్ చేయడం నాకదే మొదటిసారి. వెయ్యి కాపీలకే డబ్బులున్నాయి ఆ అభ్యర్థి దగ్గర. నామినేషన్‌కు కట్టిన పది వేల డిపాజిట్ కూడా పోయింది. అలాంటి మనిషి టికెట్ అడిగితే మీ కమిటీల్లో ఎవరైనా పట్టించుకుంటారా? నిజంగానే అడుగుతున్నాను.

అందువల్ల మిమ్మల్ని కోరుతున్నవి ఇవి:

1. టికెట్ ప్రకటించిన 48 గంటల్లో ప్రతి అభ్యర్థి గురించి, కేసులున్నా లేకపోయినా, ఒక పేజీ తెలుగులో పెట్టండి. గత పదేళ్లు ఎక్కడ నివాసం, ఏ పని చేసి బతికారు, ఏ ప్రజా పనిలో ఉన్నారు, ఏ ఊళ్లో, ఏ ఏడాది, చివరికి ఏమైంది. కుటుంబంలో ఇంతకుముందు పదవుల్లో ఎవరున్నారు. కింద అభ్యర్థి సంతకం, పక్కన పార్టీ అధ్యక్షుడి సంతకం. కరపత్రం కింద నేను నా పేరు వేస్తున్నప్పుడు మీరు ఒక సంతకం పెట్టలేరా?

2. ఆకలి కథలు, ఆస్పత్రి కథలు, పిల్లల వివరాలు మాకు వద్దు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అభ్యర్థి తన దగ్గరున్న ప్రతి వస్తువునీ విప్పి చూపించక్కర్లేదని, ఆయనకూ గోప్యత ఉందని చెప్పింది. ఒప్పుకుంటాను. మేమడిగేది ఇంటి గుట్టు కాదు, వీధిలో చేసిన పని.

3. టికెట్ కోసం ఎంతమంది దరఖాస్తు చేశారో నియోజకవర్గాల వారీగా చెప్పండి. దరఖాస్తుకు రుసుము తీసుకునే పార్టీలు ఉన్నాయి కదా, ఆ రసీదులు లెక్కపెడితే చాలు.

4. మహిళా అభ్యర్థి కాగితంలో ముందు ఆమె గురించి ఉండాలి. భర్త గురించి వేయాలనుకుంటే వెనక పేజీ ఖాళీగానే ఉంటుంది.

5. ప్రధాన ఎన్నికల అధికారులకు ప్రత్యేకంగా: ఫారం 26లోని ముఖ్యాంశాలు తెలుగులో, ఒకే పేజీలో, ప్రతి పంచాయతీ ఆఫీసు, వార్డు ఆఫీసు గోడ మీద పోలింగుకు వారం ముందైనా ఉండేలా చూడండి. మనిషి కంటి ఎత్తులో అంటించమని చెప్పండి, పైకప్పు దగ్గర కాదు.

6. గెలిచినవాళ్లు నెలకు ఎన్ని రోజులు, ఏ అడ్రసులో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా దొరుకుతారో ప్రమాణం చేసిన నెలలోపు ప్రకటించేలా మీ పార్టీలో నియమం పెట్టుకోండి. దీనికి ఏ చట్టమూ అక్కర్లేదు.

ఇవి రాబోయే స్థానిక ఎన్నికల నుంచే మొదలుపెట్టొచ్చు. ఈ లేఖకు జవాబిస్తే, ఏ పార్టీ ఏమందో అక్షరం మార్చకుండా అచ్చు వేసి మా పట్టణంలో పంచుతాను. ఇవ్వకపోతే ఇవ్వలేదనీ వేస్తాను. కింద ప్రింటరు పేరు ఉంటుంది.

నా వంతు కూడా చెబుతాను. మా కంప్యూటర్లోని పాత ఫైలు తీసేశాను. ఇకమీదట ఏడాది, ఊరు లేకుండా సేవ అన్న మాట మా ప్రెస్సులో కంపోజ్ చేయం. ఒకటో కోరికలో చెప్పిన పేజీకి ఖాళీ గళ్లతో నమూనా తయారుచేసి ఈ లేఖతో జతపరుస్తున్నాను. దాన్ని నింపి సంతకం పెట్టి తెచ్చిన అభ్యర్థికి, పార్టీ ఏదైనా సరే, మొదటి వెయ్యి కాపీలు కాగితం ఖర్చుకే వేసిస్తాను. ఆ తగ్గించినది కూడా మీ ఖర్చు లెక్కలో చూపించండి. మడతలు మా అక్కే పెడుతుంది, ఆమె కూలి మాత్రం ముందే ఇవ్వాలి.

ఇట్లు,
ఒక ఆఫ్‌సెట్ ప్రెస్ యజమాని